మెట్ల మీద మాట

కుర్చీ వీపుకి అతను తన వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, రెండు పట్టీలలోకి భుజాలు దూర్చి ఒక్కసారి లేచి చూశాడు. ఖాళీ కుర్చీయే అయినా నడుములో ఎడమపక్క ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. లేచినవాడు లేచినట్టే కాసేపు నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా దించి, పట్టీకి చుట్టిన పాతగుడ్డ జారిన చోట మళ్ళీ బిగించాడు. నడుముకి కట్టే బెల్టు టక్కుమని పడుతోందో లేదో చూశాడు. పడుతోంది. ఇక రోజు మొదలైనట్టే.

ఆ భవనంలో అందరూ అతన్ని లిఫ్టు అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద ఉంది, దాన్ని చదివేవాళ్ళు లేరు. పై అంతస్తులో ఉన్న ప్లీడరుగారు కారు ప్రమాదాల కేసులు తప్ప ఇంకో కేసు ముట్టుకునేవారు కాదు. గుద్దించుకున్నవాళ్ళకి నష్టపరిహారం ఇప్పించడం ఆయన వృత్తి. వచ్చేవాళ్ళలో కాలు విరిగినవాళ్ళు కొందరు, తుంటి జారినవాళ్ళు కొందరు, అసలు కాలే లేనివాళ్ళు కొందరు. వాళ్ళు ఎక్కవలసినవి నిట్టనిలువు రాతిమెట్లు. కళ్ళ డాక్టరు దీపం లేని సందులో ఆసుపత్రి పెట్టినట్టు, ఈయన పోయిపోయి ఆ మెట్ల పైన కూర్చున్నారు.

"మా ఆఫీసు లిఫ్టుకి కరెంటు అక్కర్లేదండీ, టీ పోస్తే చాలు" అని కొత్తగా వచ్చిన ప్రతి క్లయింటుతోనూ అనేవారు. క్లయింట్లు మొహమాటానికి నవ్వేవారు. లిఫ్టు మాత్రం ప్రతిసారీ నిజంగానే నవ్వేవాడు. తన గురించి ఎవరైనా ఒక జోకు వేశారంటే తనొకడు అక్కడ ఉన్నట్టే కదా అని అతని లెక్క.

ఒకప్పుడు బీరువాలు, మంచాలు అమ్మే గోదాములో మోతపని చేసేవాడు. తండ్రిని కారు గుద్దినప్పుడు, ఆయన్ని వీపున వేసుకుని ఈ మెట్లెక్కి వచ్చాడు. ప్లీడరుగారు అప్పటికి నడివయసువారు. కాగితం మీంచి తలెత్తి, తండ్రిని చూడటానికి ముందు కొడుకు మెడ మీద నరాలు చూశారు. "కింద ఇంకొకాయన ఎక్కలేక కూర్చున్నాడట, ఆయన్ని కూడా తేగలవా?" అన్నారు. తెచ్చాడు. తండ్రి కేసు ఓడిపోయింది, తండ్రీ పోయాడు, ఉద్యోగం మాత్రం మిగిలింది.

కుర్చీ అతను సొంతంగా చేయించుకున్నదే. ఆఫీసులో పారేసిన పేము కుర్చీకి వెల్డింగు కొట్టులో ఇనుప చట్రం బిగించారు, కాన్వాసు పట్టీలు కుట్టించాడు. నడుముకి బెల్టు మాత్రం ఒక కేసులో నుజ్జునుజ్జయిన కారులోంచి తీసింది. ఆ కారు నడిపినాయన బతికాడు. పని చేసిన బెల్టు కదా, పారేయడం దేనికని లిఫ్టు అడిగి తీసుకున్నాడు.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషి వీపూ అతని వీపూ ఆనుకుని ఉంటాయి. అతను గోడ చూస్తూ ఎక్కుతాడు. ఆ మనిషి వదిలి వచ్చిన మెట్లు చూస్తూ పైకి పోతాడు. ఒకరి మొహం ఒకరికి కనపడదు. అందువల్లో ఏమో, మెట్టు మీద కాలు పడగానే మనుషులు మాట్లాడటం మొదలుపెడతారు. పైన ప్లీడరుగారికి చెప్పవలసిన మాటలు వేరు, ఇక్కడ వచ్చే మాటలు వేరు. "కాలు విరిగాకే మా ఆవిడ నాతో మర్యాదగా మాట్లాడుతోందయ్యా, నయమైపోతుందేమోనని భయంగా ఉంది" అన్నాడొకాయన. గుద్దిన కారు తన ప్రాణస్నేహితుడిదేనని ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. పట్టీలు భుజాన వేసుకునే ముందు లిఫ్టు ప్రతివాళ్ళకీ ఒక మాట చెబుతాడు. "మెట్ల మీద మాట మెట్ల మీదే. పైకి రాదు, కిందకి పోదు." చెప్పినట్టే ఉండేవాడు. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల మధ్య, అతని నోట్లో గంపెడు గింజలు నానుతూ ఉండిపోయాయి.

ఇంతకాలం ఆ నడుం పని చేసిందంటే భార్య చలవ కొంత, బిళ్ల చలవ కొంత. భార్య ఇంటి ముందు గదిలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్నే మొదటి వేడి అతని నడుముకే. తువ్వాలు నాలుగు మడతలు వేసి, ఇస్త్రీపెట్టెతో కాల్చి, బోర్లా పడుకున్న అతని నడుం మీద వేసి అదిమేది. ఈ రోజూ అదిమింది.

"ఊళ్ళోవాళ్ళ బట్టల ముడతలన్నీ పోతున్నాయి, నీ మొహంలో ముడతలే పోవడం లేదు. నొప్పిగా ఉందా?" అంది.

"ఏం లేదే."

"ఏం లేకపోతే పళ్ళెందుకు నూరుతున్నావయ్యా?"

"పళ్ళు నావి, నూరుకుంటాను. నీకేం?"

బిళ్ల సంగతి ఆమెకి తెలుసు, ఎన్ని అన్నది తెలియదు. మందుల కొట్టు అతను లిఫ్టుని చూడగానే చెయ్యి చాచి ఆ పచ్చ రంగు అట్ట తీసేవాడు. డాక్టరు చీటీ అడగడం ఎప్పుడో మానేశాడు. మొదట్లో బరువైన మనిషి వస్తేనే ఒక బిళ్ల. తర్వాత మనిషి బరువుతో పని లేకుండా రోజుకొకటి. ఇప్పుడు టీకి ముందొకటి, టీ తర్వాతొకటి, మెట్ల మధ్యలో మేకు కదిలితే ఇంకొకటి. ఈ మధ్య సాయంత్రాలు చెప్పులు విప్పితే పాదాల మీద చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడుతున్నాయి. అన్నం సహించడం లేదు. వయసొచ్చింది మరి, అనుకున్నాడు. వయసు మీద వేసేస్తే దేనికీ సంజాయిషీ అక్కర్లేదు.

పది దాటాక మొదటి క్లయింటు వచ్చాడు. టాక్సీ డ్రైవరు. తొడ ఎముకలో ఇనుప కడ్డీ వేశారు. మనిషి భారీ, కబుర్లు అంతకన్నా భారీ.

"లిఫ్టన్నా, ఇవాళ పొద్దున్నే కడుపు నిండా తిని వచ్చా. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననకు" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

"తిన్నది మీరు, మొయ్యాల్సింది నేను. రేపట్నించి నేనే తినిపిస్తా, కొలిచి" అన్నాడు లిఫ్టు, బెల్టు టక్కుమనిపిస్తూ. తన మాట చెప్పాడు, పట్టీలు వేసుకున్నాడు, లేచాడు. కళ్ళ ముందు గోడ పసుపుపచ్చగా అయి మళ్ళీ మామూలు రంగుకి వచ్చింది.

సగం దూరంలో మెట్లు మలుపు తిరిగే చోట చిన్న చప్టా ఉంది. అక్కడ గోడకి మనిషి పట్టేంత ఎడంగా, నడుమెత్తున అరుగు. కుర్చీ కాళ్ళు దాని మీద ఆన్చితే భుజాల మీద బరువు పోతుంది. లిఫ్టు అక్కడ ఆగి ఊపిరి తీసుకునేవాడు.

"పిచ్చుక పిల్లలు పెట్టిందన్నా!" అన్నాడు డ్రైవరు వెనకనించి. "అదుగో, వీధి గుమ్మం పైన గాజు పలక పగిలిన చోట. నోళ్ళు తెరిచి ఎట్లా అరుస్తున్నాయో చూడు."

ఆ గూటి మాట లిఫ్టు చాలా ఏళ్ళుగా వింటున్నాడు. కూర్చున్న ప్రతివాళ్ళూ చెప్పేవాళ్ళు. అతను మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎక్కేటప్పుడు గోడవైపు తిరిగి ఉంటాడు, దిగేటప్పుడు కళ్ళు కాళ్ళ మీదే ఉంటాయి. బరువు లేనప్పుడు ఆ చప్టా మీద ఆగవలసిన అవసరమే రాలేదు.

డ్రైవరు గొంతు తగ్గించాడు. "అన్నా, నిజానికి ఆ క్షణంలో నేను రోడ్డు చూడలేదు. వెనక సీట్లో పసిపిల్ల తుమ్మితే నవ్వొచ్చి వెనక్కి చూశా. ఒక్క తుమ్ము. పిల్లకేం కాలేదు, అదొక్కటే నా అదృష్టం. పైన మాత్రం అవతలి కారుదే తప్పని చెప్తున్నా."

పసిపిల్ల తుమ్మితే ఎవరు మాత్రం చూడరు, అనుకున్నాడు లిఫ్టు. భుజాలు సర్ది మళ్ళీ లేచాడు. ఆ లేవడంలో మేకు ఇంకాస్త లోపలికి దిగింది. డ్రైవర్ని మళ్ళీ కిందకి దించేసరికి అతని తలప్రాణం తోకకొచ్చింది.

మధ్యాహ్నం చిన్న ప్లీడరు గబగబా దిగి వచ్చింది. ఈమధ్యే చేరిన అమ్మాయి, చురుకైనది. లిఫ్టుని బాబాయ్ అనేది.

"బాబాయ్, ఇప్పుడు ఒకావిడ వస్తుంది. కారు కేసు కాదు, మందు కేసు. మనం మొదటిసారి వేస్తున్నాం. నొప్పులకి వాడిన మందుతో ఆవిడ మూత్రపిండాలు రెండూ పోయాయి. దాని కంపెనీ మీద కేసు వెయ్యడానికి గడువు రేపటితో సరి. ఇవాళ ఆవిడ చెప్పింది రాసి సంతకం పెట్టించుకోకపోతే ఇంక అంతే సంగతులు. జాగ్రత్తగా తీసుకురా."

"పెద్దాయన్ని ఆవిడింటికే వెళ్ళమనకపోయావా?"

"అన్నాను. వినరుగా!"

వినరని లిఫ్టుకీ తెలుసు. ఆసుపత్రి గేట్ల దగ్గర కాపు కాసి, కట్టు కట్టకముందే సంతకాలు పెట్టించుకునే బేరగాళ్ళంటే ప్లీడరుగారికి ఒళ్ళు మంట. ఆయన గురువు ఆయనకి నేర్పిన మొదటి పాఠం ఒకటే: కేసు మన దగ్గరికి ఎక్కి రావాలి గాని మనం కేసు దగ్గరికి దిగకూడదు, దిగితే గద్దలం అవుతాం. ఆ మాట పట్టుకుని ఆయన ఇంతకాలం పరువుగా బతికారు. ఆ పరువు ఎవరి నడుం మీద నిలబడి ఉందో ఆయనకీ తోచలేదు, ఆ నడుముకీ తోచలేదు.

టాక్సీలో ఒక్కతే వచ్చింది. బట్టల దుకాణంలో రోజంతా నిలబడి అమ్మే పని చేసేదట. మొహం మట్టి రంగులో ఉంది. కాళ్ళు ఉబ్బి, మడమల దాకా ఒకటే లావు. మిగతా మనిషి పిట్టంత. లిఫ్టు ప్రాణం కుదుటపడింది. ఈ కాస్త బరువు ఒక లెక్కా?

"మెట్ల మీద మాట మెట్ల మీదేనమ్మా" అన్నాడు బెల్టు పెడుతూ.

"నాకు దాచుకునే మాటలేం లేవు అన్నయ్యా. చెప్పాలనే వచ్చాను" అందామె.

ఆమెకి ఆయాసం, అతనికి మేకు. ఇద్దరూ మాట్లాడకుండా చప్టా దాకా ఎక్కారు. అక్కడ కుర్చీ కాళ్ళు అరుగు మీద పెట్టేసరికి లిఫ్టుకి ఎడమకాలు ఉందో లేదో తెలియలేదు. పట్టీలు జార్చి గోడ పట్టుకున్నాడు. అంత తేలిక మనిషిని మోసి ఇలా అయిపోవడం అతనికి సిగ్గుగా ఉంది. జేబులోంచి అట్ట తీసి ఒక బిళ్ల నొక్కాడు. టప్.

"అన్నయ్యా, ఇటు రా" అంది ఆమె.

"ఒక్క నిమిషం తల్లీ, వచ్చేస్తున్నాం."

"ముందు ఇటు రా. ఏం బిళ్ల అది?"

అతను ముందుకి వచ్చాడు. అరచేతిలో తెల్లబిళ్ల. రెండో చేతిలో పచ్చ అట్ట. ఆమె అట్టవైపు చూసింది, తర్వాత అతని పాదాలవైపు చూసింది.

"ఆ చప్పుడు నేను నిద్రలో కూడా గుర్తుపడతాను" అంది. "ఎన్నాళ్ళనించి?"

లిఫ్టు అట్టని వెనక్కి దాచుకున్నాడు.

"ఈ బిళ్ల మీదే కదా అన్నయ్యా నేను కేసు వెయ్యడానికి వచ్చింది!"

కాసేపటిదాకా అతనికి ఆ మాట లోపలికి ఎక్కలేదు. మందు కేసు అంటే ఏదో పెద్ద ఆసుపత్రి మందు, పెద్ద రోగం మందు అనుకున్నాడు. రోజూ టీతో పాటు మింగేది కూడా మందేనని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

"ఇదొక్కటి వేసుకోనివ్వమ్మా. మిమ్మల్ని పైకి చేర్చేసి మానేస్తా. ఇది లేకపోతే లేవలేను."

"నువ్వది మింగి నన్ను పైకి మోస్తే, అక్కడ కూర్చుని ఆ బిళ్ల పాపం గురించి నేను చెప్పాలా? నా నోరెట్లా వస్తుంది? వద్దన్నయ్యా. పారెయ్యి."

ఆమె చెయ్యి చాచింది. అతను బిళ్ల ఆ చేతిలో పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. చెయ్యి చాచిన క్లయింటుకి కాదనడం ఎప్పుడూ అలవాటు లేదు.

అంతే, ఇద్దరూ అక్కడ ఇరుక్కుపోయారు. బిళ్ల లేకుండా అతను పైకి వెళ్ళలేడు, కిందకి దిగలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లిఫ్టు మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె కుర్చీలోనే ఉంది. పైనించి చిన్న ప్లీడరు తొంగిచూసి, కంగారుగా దిగి వచ్చింది. సంగతి విని ఒకసారి అతని పాదాలవైపు చూసి పెదవి కొరుక్కుంది.

"సార్ పైన ఎదురు చూస్తున్నారు. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. రేపటితో గడువు..." అంది, ఎవరితో అంటోందో తనకే తెలియనట్టు.

"మీ సారుకి చెప్పమ్మా" అంది కుర్చీలోని మనిషి. "కేసు సగం దూరం ఎక్కి వచ్చింది. మిగతా సగం ఆయన్ని దిగమను."

ప్లీడరుగారితో అలా మాట్లాడినవాళ్ళని లిఫ్టు ఇంతవరకూ చూడలేదు. పైన తలుపు చప్పుడైంది. తర్వాత బూట్ల చప్పుడు. ముసలాయన ఒక చేత్తో గోడ పట్టుకుని, చంకలో ఫైలు పెట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగి వచ్చారు. ఆమె చేతిలోని బిళ్ల చూశారు. లిఫ్టు దగ్గర పచ్చ అట్ట చూశారు. జేబురుమాలు పరుచుకుని మెట్టు మీద కూర్చుని, ఫైలు మోకాళ్ళ మీద తెరిచారు.

"చెప్పమ్మా" అన్నారు.

ఆమె చెప్పింది. మోకాళ్ళ నొప్పులకి మొదలుపెట్టడం, ఒకటి రెండవడం. మొదట సాయంత్రాలు చెప్పులు బిగుతయ్యాయి. తర్వాత ఏం తిన్నా నోట్లో ఇనుము చప్పరించినట్టు ఉండేది. ఒళ్ళంతా దురద, ఎక్కడ గోకినా తీరని దురద. పొద్దున్నే మూత్రంలో సబ్బు నురగ. దుకాణంలో మడత విప్పిన బట్ట మళ్ళీ మడత పెట్టలేక కింద కూర్చుండిపోవడం. వయసొచ్చిందనుకుందట. ఒక్కొక్క మాటా ఆమె ప్లీడరుగారికే చెబుతోంది గాని, లిఫ్టుకి మాత్రం తన ఒంట్లోకి దూరి చూసి చెబుతున్నట్టే ఉంది. ఆమె చెప్పినవాటిలో తనకి లేనిదేదో దొరుకుతుందేమోనని ఎదురు చూశాడు. దొరకలేదు. అతనికి భయం వేసింది. ఇంటికి వెళ్ళి భార్య పక్కన కూర్చోవాలనిపించింది.

సంతకం అయ్యాక ఆమెని దించడం మిగిలింది. లిఫ్టు లేవబోయాడు.

"నువ్వు కూర్చో" అన్నారు ప్లీడరుగారు.

"నేను మొయ్యగలనండీ."

"మొయ్యగలవని నాకు తెలుసయ్యా. అందుకేగా నేను ఇన్నాళ్ళూ దిగలేదు!"

ఆ మాట అనేసి ఆయన మొహం తిప్పుకున్నారు. ఆమె కోసం కింద ఆగి ఉన్న టాక్సీ అతన్ని పిలిచారు. అతనొక పక్క, చిన్న ప్లీడరొక పక్క, ముందు ఆయన. ముగ్గురూ కలిసి కుర్చీని దించుతుంటే, వెనక లిఫ్టు ఉత్త చేతులతో దిగాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

టాక్సీ ఎక్కబోతూ ఆమె ఆగింది. "అన్నయ్యా, నీ మీద కోపంతో అన్నానేమో అనుకునేవు. నాకు ఈ ముక్క చెప్పే మనిషి ఒక్కడు లేకపోయాడు, అదీ నా బాధ. రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆ పిచ్చుక పిల్లల్ని చూసి వెళ్ళు, ముద్దుగా ఉన్నాయి."

ప్లీడరుగారు మెట్ల కింది గది తలుపు తోసి లోపలికి చూశారు. కుర్చీ పెట్టుకునే గది. ఒక కిటికీ, ఒక పంకా. "ఇక్కడ బల్ల వేయిద్దాం. నేనే కిందకి వస్తాను. ఎంత తేలిక పని! నువ్వు తాళాలూ టీలూ చూసుకో, జీతం జీతమే. ఇంకో మాట. నీకూ కేసు ఉంది. రేపు పొద్దున నువ్వు కుర్చీలో కూర్చుంటావు, నేను రాస్తాను. మొదటినించీ అన్నీ చెప్పాలి. చీటీలూ రసీదులూ లేకపోతే పోయె, నీ మాట ఉంటే నేను లాక్కొస్తాను. అర్థమైందా?"

"నాకు చెప్పడం ఏం వచ్చండీ? వినడమే వచ్చు."

"రాత్రికి అనుకో. నోటికి వస్తుంది."

ఆయన మేలు కోరే అన్నారు. అయినా లిఫ్టుకి ఏడుపొచ్చింది. అంత తేలిక పనైతే, ఇంతమందిని తను ఎందుకు మోసినట్టు? ఎవరి మీదా కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది, దాన్ని ఎక్కడో ఒకచోట దించుకునేవాడు.

ఎండ వాలింది. భార్య ఆ వీధి చివర ఇళ్ళలో ఇస్త్రీ బట్టలు ఇచ్చి, వెళ్తూ వెళ్తూ అతన్ని పిలుచుకుని పోయే వేళ. ఆమె వచ్చేలోపు ఆ గూడేదో చూద్దామనుకున్నాడు. ఖాళీ కుర్చీని వీపున కాకుండా చేతుల్లో పట్టుకుని, మెట్టుకొకసారి దించుతూ, చప్టా దాకా చేర్చాడు. చెమటలు కారిపోతున్నాయి. అరుగు మీద పెట్టి, తనూ ఎక్కి, వీధివైపు తిరిగి అందులో కూర్చున్నాడు. ఎన్నడూ అందులో కూర్చోలేదు. తను బెల్టు పెట్టకుండా ఎవర్నీ కూర్చోపెట్టలేదు గనక, బెల్టు కూడా లాగి పెట్టుకున్నాడు. టక్.

కింద మెట్లన్నీ వరసగా కనిపించాయి. అతని కాళ్ళ కిందే అరిగిన మెట్లు, ఒక్కొక్కటీ మధ్యలో పళ్ళెంలా గుంటపడి. అన్నిటికీ చివర వీధి గుమ్మం, దానిలోంచి ఎర్రటి ఎండ. గుమ్మం పైన పగిలిన గాజు దగ్గర గడ్డిపోచల గూడు. తల్లి పిచ్చుక వాలగానే పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ నోళ్ళు తెరిచాయి. వాళ్ళంతా నిజమే చెప్పారు. ముద్దుగానే ఉన్నాయి.

అక్కడ కూర్చుంటే మాటలు ఎందుకు వస్తాయో అతనికి తెలిసింది. వెనక తన వీపు లేదు, గోడ ఉంది. అయినా ఎవరో తనని మోస్తున్నట్టే ఉంది. రేపటి కోసం ఒకసారి అనుకుందామని గొంతు సవరించుకున్నాడు.

"నాకు నొప్పిగా ఉందండీ" అన్నాడు, పైకే.

చిన్న ప్లీడరు అప్పుడే సంచీ భుజాన వేసుకుని దిగుతోంది. మలుపు ఇవతలనించి ఆ మాట ఆమెకి వినపడింది. తర్వాత గొంతు తగ్గించి అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆమె చెప్పులు చేతిలోకి తీసుకుంది. మెట్ల మీద మాట మెట్ల మీదే. చేరిన మొదటిరోజే లిఫ్టు ఆమెకి చెప్పిన మాట అది. చప్పుడు కాకుండా వెనక్కి ఎక్కి, పైన బల్ల దగ్గర ఏదో కాగితం ముందు వేసుకుని కూర్చుంది. కింద గొంతు చాలాసేపు సన్నగా వినిపిస్తూనే ఉంది. ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

గమనించింది భార్య. వీధి గుమ్మంలో నిలబడి పైకి చూసి, "ఇదేం కులుకయ్యా, నువ్వు కూర్చుంటే ఎవడు మొయ్యాలి?" అంది నవ్వుతూ. అతను తల వంచుకుని ఉన్నాడు. చేతులు బెల్టు మీద ఉన్నాయి. ఆమె రెండు మెట్లెక్కి మళ్ళీ పిలిచింది. తర్వాత ఆమె అరిచిన అరుపుకి పిచ్చుక లేచిపోయింది.

చిన్న ప్లీడరు ముందు దిగింది, వెనక ప్లీడరుగారు. నాడి చూశారు, పిలిచారు, మొహాన నీళ్ళు చల్లారు. ఇంక ఏమీ చెయ్యడానికి లేకపోయింది. బెల్టు విప్పబోతుంటే భార్య వద్దంది. "జారిపోతాడు. ఉండనివ్వండి" అంది. కుర్చీతో పాటే దించారు. ఎప్పుడూ మనుషుల్ని ఎట్లా తీసుకుపోయాడో అట్లాగే. ప్లీడరుగారు ఒక కోడు పట్టుకున్నారు. మధ్యలో బరువు ఆయన చేతుల మీదికి వచ్చింది. ఆయన వంగి, లిఫ్టు చెవి దగ్గర, ఎవరికీ వినపడకుండా ఏదో అన్నారు. అదేమిటో ఆయన తర్వాత ఎవరికీ చెప్పలేదు.

అంతా అయిపోయిన కొన్నాళ్ళకి భార్య మెట్ల కింది గదికి వచ్చింది. బల్ల వేశారు, పంకా తిరుగుతోంది. ప్లీడరుగారు కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కలం తెరవలేదు.

"అతని మాట ఉంటే గెలిచేవాళ్ళం" అన్నారు. చిన్న ప్లీడరువైపు తిరిగి, "ఆ సాయంత్రం నీతో ఏమైనా అన్నాడా?" అని అడిగారు.

"నొప్పిగా ఉందన్నాడండీ."

"ఇంకా?"

"ఇంక నేను వినలేదు" అంది ఆ అమ్మాయి, తల వంచుకుని.

భార్య ఆ అమ్మాయివైపు చూసింది. తర్వాత కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆయన నడుం ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు" అంది. "రోజూ పొద్దున్నే దాని మీద చెయ్యి వేసినదాన్ని. రాసుకోండి, నేను చెప్తాను." పైట సర్దుకుని మొదలుపెట్టింది.

ఆ కేసు ఇంకా నడుస్తోంది. ఆఫీసు ఇప్పుడు కిందే ఉంది, ఎవరూ మెట్లెక్కనక్కర్లేదు. క్లయింట్లు వచ్చి ఆ పేము కుర్చీలోనే కూర్చుంటారు. దానికి రెండు పక్కలా కాన్వాసు పట్టీలు పాతగుడ్డ చుట్టి ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. అవి దేనికో తెలియక, చెప్పవలసిన మాట కోసం వెతుక్కుంటూ, వాళ్ళు వాటినే పట్టుకుని కూర్చుంటున్నారు.